సొరంగంలో చేపలు

భట్టిప్రోలు, పల్లికోనల మధ్య రైలుపట్టాల మీద ఇరవై రెండేళ్ళుగా నడుస్తున్న కీమాన్ చలపతిరావుకు ఊళ్ళో ఇంకో పేరుంది. సొరంగం చలపతి. తెనాలి నుంచి రేపల్లె దాకా ఆ లైను మీద సొరంగం మాట దేవుడెరుగు, ఒక్క గుట్ట కూడా లేదు. అన్నీ వరిచేలు, కాలవలు, ఆ కాలవల మీద చిన్నచిన్న వంతెనలు. అలాంటి చోట పుట్టి, అలాంటి చోటే ఉద్యోగం చేసి, జన్మలో ఒక్క సొరంగంలోంచి కూడా పోని మనిషికి ఆ పేరెందుకు వచ్చిందంటే, జపాన్ వాళ్ళు సముద్రం కింద తవ్విన రైలు సొరంగం గురించి ఆయనకు తెలిసినంత ఈ చుట్టుపక్కల ఇంకెవరికీ తెలియదు కనక.

ఈ పిచ్చి పట్టింది ఉద్యోగంలో చేరిన కొత్తల్లో. ఎవరో ఇంజనీరుగారు గ్యాంగు గదిలో ఒక రంగుల పుస్తకం మర్చిపోయి వెళ్ళారు. అందులో ఒక బొమ్మ. పైన సముద్రం, దాని అడుగున నేల, ఆ నేలకు ఇంకో వంద మీటర్ల కింద ఒక రైలు. చలపతిరావు ఆ బొమ్మ చింపి పర్సులో పెట్టుకున్నాడు. తర్వాత చేతిలోకి ఫోను వచ్చింది. ఇంకేముంది, కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. పొద్దున్నే సుత్తి భుజాన వేసుకుని బీటుకు వెళ్ళి, పట్టాను పట్టి ఉంచే క్లిప్పులన్నీ చూసుకుంటూ, వదులైనదాన్ని కొట్టి బిగిస్తూ నడిచి, పని దిగాక రైల్వే గేటు పక్క టీకొట్టులో కూర్చున్నాడంటే చాలు, జపాన్ కథ మొదలు.

"మన తెనాలి నుంచి రేపల్లె ముప్పై నాలుగు కిలోమీటర్లా? దానికింకో ఇరవై కలపండి. అంత పొడుగు సొరంగం! అందులో ఇరవై మూడు కిలోమీటర్లు అచ్చంగా సముద్రం కిందే. పట్టాకి అతుకన్నదే లేదు. యాభై రెండు కిలోమీటర్లు ఒక్కటే పట్టా! వెడల్పు పట్టాల మీద పోయే పెద్ద రైలుకీ, ఇరుకు పట్టాల మీద పోయే గూడ్సుకీ కలిపి మూడు పట్టాలు వేశారు. ఊరే నీళ్ళని పంపులు తోడుతూనే ఉంటాయి. ఆగాయా, అంతే సంగతులు. ఇక కొండల కింద ఇరవై ఐదు, ఇరవై ఆరు కిలోమీటర్ల సొరంగాలంటారా, వాళ్ళకి అవి లెక్కే కాదు."

"కొండ సొరంగాలు కావాలంటే అరకు రైలెక్కితే యాభై పైనే ఉన్నాయంటగా. మనకి పాసు కూడా ఉందిగా. ఓసారి నన్నూ పిల్లనీ తీసుకెళ్ళకూడదా?" అని భార్య లక్ష్మి ఎన్నోసార్లు అడిగింది. "అవేం సొరంగాలే, ఎలక బొరియలు" అని కొట్టిపారేసేవాడు. జపాన్ దాకా పోలేనివాడు అరకు దాకా కూడా పోలేదు, ఏం చెప్తాం.

ఆయనకు అరికాలి మంట నెత్తికెక్కే ప్రశ్న ఒకటుంది. "అయితే మావా, కిటికీలోంచి చేపలు కనిపిస్తాయా?" టీకొట్టులో ఎవడో ఒకడు కావాలనే అడిగేవాడు. "చేపలేంట్రా నీ మొహం! వంద మీటర్ల రాయిరా మధ్యలో, రాయి! చేపలు కావాలంటే నిజాంపట్నం రేవుకి పో!" అని లేచేవాడు. ఊరివాళ్ళని వదిలెయ్యండి, కన్నకూతుర్ని కూడా వదల్లేదు. సాహితి రెండో క్లాసులో ఉన్నప్పుడు, నాన్న సంతోషిస్తాడని సొరంగం రైలు బొమ్మ వేసింది. ప్రతి కిటికీలోనూ రంగురంగుల చేపలు పెట్టింది. పిల్లని ముద్దుపెట్టుకోవాల్సిందిపోయి, నల్లరంగు పెన్సిలు చేతికిచ్చి, "చేపలు కనపడవమ్మా. ఉన్నది రాయీ చీకటీ. పుయ్యి" అని పక్కన కూర్చుని ఒక్కో చేప మీదా నలుపు పూయించాడు. పిల్ల ఏడ్చుకుంటూ పూసింది. సొరంగం విషయంలో అబద్ధం చెప్పకూడదంటే చెప్పకూడదు, అంతే.

చలపతిరావుకు ఇంకో గౌరవం కూడా ఉంది. అది రేపల్లెలో, అత్తగారు అంకాలమ్మ ఇంట్లో. ఆ ఇంట్లో భోజనాలకు పంక్తి వేస్తే మొదటి ఆకు పెద్దల్లుడిది. ఆయన ఆకులో వడ్డించాకే మిగతా ఆకుల్లో వడ్డిస్తారు, ఆయన మొదటి ముద్ద తిన్నాకే మిగతావాళ్ళు చెయ్యి పెడతారు. ఇరవై నాలుగేళ్ళుగా అదే వరస. చిన్నల్లుడు మల్లికార్జునరావు బాపట్లలో బట్టలకొట్టు పెట్టాడు. చీరాల మగ్గాల సరుకు అమ్మి మేడ కట్టాడు, కారు కొన్నాడు. అయినా సరే, ఆ ఇంట్లో ఆయనకు పడేది రెండో ఆకే. తోడల్లుడి మేడ చూసినా, కారు చూసినా చలపతిరావుకు ఏమీ అనిపించేది కాదంటే నమ్మండి. వాడికి డబ్బుంది, ఉండనీ. తనకు మొదటి ఆకుంది, సొరంగం ఉంది. ఆ రెండూ వాడెక్కడ కొనగలడు?

కొన్నాడు.

పోయిన సెప్టెంబరులో ఒక పంచెల కంపెనీ, తమ సరుకు బాగా అమ్మిన కొట్లవాళ్ళందర్నీ జపాన్ తీసుకెళ్ళింది. ఆ కబురు మొదట చెప్పింది సాహితే. ఇంటర్ చదువుకోసం బాపట్లలో పిన్ని భాగ్యశ్రీ ఇంట్లోనే ఉంటోంది. "నాన్నా, బాబాయికి నీ సొరంగం సంగతి చెప్పాను! గైడుతో మాట్లాడి ఆ రైలు కూడా పెట్టించుకుంటున్నాడు! ఫొటోలు తెమ్మన్నాను!" అని ఫోనులో ఒకటే సంబరం.

"మంచిదేనమ్మా" అన్నాడు చలపతిరావు. ఫోను పెట్టేసి గుమ్మంలో కూర్చున్నాడు.

"ఏంటండీ, మొహం అలా మాడిపోయింది?" అంది లక్ష్మి.

"ఎండ" అన్నాడు.

ఎండా లేదు, గిండా లేదు. కుళ్ళు. పచ్చి కుళ్ళు. మల్లికార్జునరావుకు సొరంగమంటే ఏంటో తెలుసా? మూడు పట్టాల సంగతి తెలుసా? వాడికి తెలిసిందల్లా పంచె అంచు. అలాంటివాడు తన సముద్రం కిందికి పోవడమేంటి? విమానం ఆలస్యమైతే బాగుండును, ఆ రైలు రద్దయితే బాగుండును అని మనసులో ఎన్ని మొక్కుకున్నాడో దేవుడికే తెలియాలి. దేవుడు ఒక్కటీ వినలేదు.

మల్లికార్జునరావు జపాన్ నుంచి వచ్చిన వారానికి అంకాలమ్మ ఇద్దరు కూతుళ్ళనీ అల్లుళ్ళనీ భోజనానికి పిలిచింది. రొయ్యల ఇగురు, గారెలు, కోడికూర. చలపతిరావు ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, గోడవారన తన చోటుకు నడిచాడు. అంకాలమ్మ అడ్డం వచ్చింది.

"ఇవాళ్టికి చిన్నల్లుడుగారు ముందు కూర్చోవాలండి. సముద్రం కిందనుంచి వచ్చిన మనిషి! పెద్దల్లుడుగారు ఏమీ అనుకోరు, ఆయన మనింటి మనిషేగా."

"అయ్యో అత్తయ్యా, అన్నయ్యగారుండగా నేనేంటి?" అన్నాడు మల్లికార్జునరావు. అంకాలమ్మ వింటేగా. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేసింది.

"కూర్చో తమ్ముడూ, దానికేముంది" అన్నాడు చలపతిరావు. నవ్వాడు కూడా. ఆ నవ్వు భోజనమయ్యేదాకా మొహానికి అతికించినట్టు అలాగే ఉండిపోయింది. మొదటి ఆకులో రొయ్యలు పడ్డాయి. తన ఆకులో రెండోసారి పడ్డాయి. మొదటి ముద్ద మల్లికార్జునరావు తిన్నాడు. తర్వాత అందరూ తిన్నారు.

"ఎలా ఉంది బాబూ ఆ సొరంగం?" అని అంకాలమ్మ.

"అబ్బో, చెప్తే నమ్మరు అత్తయ్యా."

"ఎంత పొడుగేంటి?"

"అది అన్నయ్యగారికే తెలియాలి" అన్నాడు మల్లికార్జునరావు ఇటు తిరిగి. అందరూ నవ్వారు. చలపతిరావు చెవులకు అది వెక్కిరింపులాగే వినిపించింది. చూసొచ్చినవాడు పొడుగు తెలియదంటాడా? ఎక్కినవాణ్ణి నేను, లెక్కలు చెప్పుకునేవాడివి నువ్వు అని కాకపోతే ఇంకేంటి?

తర్వాత బహుమతులు. అత్తగారికి జపాన్ విసనకర్ర, లక్ష్మికి మడత గొడుగు. చలపతిరావు దగ్గరికొచ్చేసరికి, "మీది ఇంకా తయారవలేదు అన్నయ్యగారూ, కొంచెం ఆగాలి" అన్నాడు. తయారవడానికి అదేమన్నా పెళ్ళి లడ్డూనా? మర్చిపోయానని చెప్పొచ్చుగా!

రేపల్లె నుంచి తిరిగొచ్చే రైల్లో లక్ష్మి కొత్త గొడుగు విప్పడం, మూయడం, మళ్ళీ విప్పడం. "మరిది మంచాడండీ" అంది.

"రొయ్యల్లో ఉప్పెక్కువైంది."

"మీ ఒక్కళ్ళకే ఎక్కువైంది" అని గొడుగు మూసేసింది లక్ష్మి. తెలియని మనిషా ఆవిడ.

టీకొట్టులో కూడా రోజులు మారిపోయాయి. చలపతిరావు పంపుల సంగతి ఎత్తగానే, "నీకెందుకు మావా, మీ తోడల్లుడు చూసొచ్చాడుగా, ఆయనొచ్చినప్పుడు అడుగుతాంలే" అన్నాడు ఒకడు. చలపతిరావు టీ సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆ రోజు నుంచి గేటు దగ్గర ఆగడం మానేశాడు.

నవంబరు మొదట్లో ఒక మధ్యాహ్నం, పని ముగించుకుని సుత్తి గ్యాంగు గదిలో పెడుతుంటే గేటు దగ్గర కారాగింది. మల్లికార్జునరావు దిగాడు. ఒంటరిగా వచ్చాడు. చేతిలో చుట్టిన కాగితం.

"అన్నయ్యగారూ, మీతో ఒక మాట. ఎవరికీ చెప్పనంటే చెప్తాను."

ఇద్దరూ వేపచెట్టు నీడలో సిమెంటు బల్ల మీద కూర్చున్నారు.

"మేం చదువుకున్న బాపట్ల హైస్కూల్లో శనివారం మీటింగు. పిల్లలకి జపాన్ సొరంగం గురించి చెప్పాలి. నేనేం చెప్పనండీ? ఆ రైల్లో నేను నిద్రపోయాను."

చలపతిరావుకు అర్థం కాలేదు. "ఎక్కడ?"

"సొరంగంలోనేనండి. పొద్దున నాలుగింటికి లేపారు మమ్మల్ని. రైల్లో ఏసీ చల్లగా ఉంది. దార్లో కొండ సొరంగాలు ఒకదాని తర్వాత ఒకటి. ఒకటి చూశాను, రెండు చూశాను, మూడు చూశాను. ఎంతసేపు చూసినా చీకటే. ఇదేనా సముద్రం అంటే ఇది కాదు, ఇంకా రావాలి అంటాడు గైడు. ఎప్పుడు కన్నంటుకుందో. భుజం తట్టి లేపితే అవతలి ఒడ్డున ఉన్నాం. ఇరవై ఐదు నిమిషాలంటండీ. ఇరవై ఐదు నిమిషాలు సముద్రం కింద గురకపెట్టొచ్చాను." సిగ్గుగా నవ్వాడు. "సాహితి మొహం చూసి చెప్పలేకపోయాను. అత్తయ్యగారింట్లోనూ చెప్పలేకపోయాను."

గాడిదకేం తెలుసు గంధపు చెక్క వాసన! అడవిలో కాసిన వెన్నెల కూడా ఇంతకన్నా నయం, కనీసం నక్కలైనా చూస్తాయి. ఇరవై రెండేళ్ళు తను మెలకువగా కన్న కలలోంచి వీడు నిద్రపోతూ వెళ్ళొచ్చాడు. వచ్చి మొదటి ఆకులో రొయ్యలు తిన్నాడు. చలపతిరావు చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

"మీరు చెప్పండి, నేను రాసుకుంటాను" అని మల్లికార్జునరావు చుట్టిన కాగితం విప్పాడు. తన కొట్టు కాలెండరులో చింపిన షీటు. దాని వెనక వైపు రాయడం మొదలుపెట్టాడు.

చలపతిరావు చెప్పాడు. పొడుగు చెప్పాడు, లోతు చెప్పాడు, మూడు పట్టాలూ అతుకు లేని పట్టా చెప్పాడు. తవ్వేటప్పుడు నీళ్ళు విరుచుకుపడి ముప్పై మందికి పైగా పోయిన సంగతి చెప్పాడు. అక్కడ కూడా తనలాంటి మనుషులు సుత్తి పట్టుకుని గోడల్ని తట్టి, చప్పుడు విని, లోపల డొల్ల ఉందో లేదో కనుక్కుంటారని చెప్పాడు. చెప్తుంటే కోపం కూడా మర్చిపోయాడు కాసేపు. మల్లికార్జునరావు నోరు తెరుచుకుని విన్నాడు. నాలుగు వేళ్ళ జాగా మిగిలేదాకా రాసి, తలెత్తి అడిగాడు.

"మరి కిటికీలోంచి ఏమన్నా కనిపిస్తుందా అన్నయ్యగారూ? పిల్లలు మొట్టమొదట అదే అడుగుతారు."

చలపతిరావు పట్టాల వైపు చూశాడు. మొదటి ఆకు గుర్తొచ్చింది. సగం వదిలేసిన టీ గుర్తొచ్చింది.

"కనిపిస్తుంది" అన్నాడు. "మధ్యలో ఒకచోట, అరకిలోమీటరు మేర మందపాటి గాజు వేశారు. దీపాలు పెట్టారు. చేపలు గుంపులు గుంపులుగా వచ్చి రైలు పక్కనే ఈదుతాయి. అసలు అది చూడ్డానికే జనం ఎక్కేది."

"అయ్యయ్యో! అదా నేను పోగొట్టుకుంది!" మల్లికార్జునరావు నిజంగానే తల పట్టుకున్నాడు. తర్వాత పెద్ద అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు గీశాడు. "దీన్ని ఆఖర్న చెప్తాను. శనివారం మీరు తప్పకుండా రావాలి. రాకపోతే నేను ఊరుకోను."

కారు వెళ్ళిపోయింది. సిగ్గు వెయ్యలేదా అంటే, వేసింది. కాకపోతే సిగ్గుకన్నా ముందు సంతోషం వేసింది. ఐదొందల మంది పిల్లల ముందు, సైన్సు మాస్టర్ల ముందు, బాపట్ల పెద్దమనుషుల ముందు చేపలంటాడు. నవ్వుతారు. పడీపడీ నవ్వుతారు. అది అంకాలమ్మ దాకా వస్తుంది. అప్పుడు తెలుస్తుంది ఎవరు దేనికి పెద్దో. ఆ రాత్రి చలపతిరావు రెండు నెలల్లో ఎప్పుడూ లేనంత హాయిగా నిద్రపోయాడు.

శనివారం సెలవు పెట్టి, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, తెనాలిలో బండి మారి బాపట్ల చేరాడు. ఆఖరి వరసలో కూర్చుని తోడల్లుడి భాగోతం చూద్దామనుకున్నాడు. కూర్చోనిస్తేనా! మల్లికార్జునరావు ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ముందు వరసలో, భాగ్యశ్రీ పక్కన, సాహితి పక్కన కూర్చోబెట్టాడు. "వచ్చావా నాన్నా" అని సాహితి ఆయన చేతిలో చెయ్యి వేసింది.

హెడ్మాస్టరుగారు రెండు ముక్కలు మాట్లాడి మైకు మల్లికార్జునరావుకు ఇచ్చారు.

"పిల్లలూ, నేను జపాన్ వెళ్ళాను. సముద్రం కింద రైలెక్కాను. ఎక్కి నిద్రపోయాను." హాలంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "ఎక్కి నిద్రపోయినవాడు మీకేం చెప్తాడు? ఎక్కకుండానే ఇరవై రెండేళ్ళుగా ఆ సొరంగంలో మెలకువగా తిరుగుతున్న మనిషి ఒకాయన ఉన్నారు. భట్టిప్రోలులో రైల్వే కీమాన్. మా అన్నయ్యగారు, చలపతిరావుగారు. ఇవాళ ఆయన కోసమే ఈ మీటింగు."

చలపతిరావును ఎవరో లేపారు, ఎవరో మెట్లెక్కించారు. భుజాల మీద శాలువా పడింది. చేతిలో ఒక ఫ్రేము పెట్టాడు మల్లికార్జునరావు. అద్దం వెనక అరచేతిలో సగం లేని చిన్న టికెట్టు, జపాన్ అక్షరాలు, దాని మీద గుండ్రటి ముద్ర.

"అక్కడ దిగి బయటికొచ్చేటప్పుడు టికెట్టు తీసేసుకుంటారండి. ఇది మా అన్నయ్యకి కావాలని గైడుని బతిమాలి, ఆ స్టేషనాయనకి దణ్ణాలు పెట్టి, ముద్ర వేయించుకుని తెచ్చాను. మంచి చెక్కతో ఫ్రేము కట్టించేసరికి ఇన్నాళ్ళయింది."

పిల్లలు చప్పట్లు కొట్టారు. సాహితి లేచి నిలబడి కొట్టింది. చలపతిరావు ఆ టికెట్టు చూశాడు, మల్లికార్జునరావు జేబులోంచి తీస్తున్న కాలెండరు కాగితం చూశాడు. మల్లికార్జునరావు చదవడం మొదలుపెట్టాడు. పొడుగు అయింది. లోతు అయింది. మూడు పట్టాలు అయ్యాయి. సుత్తితో తట్టేవాళ్ళు అయ్యారు. పిల్లలు ఊపిరి బిగపట్టి వింటున్నారు.

"తమ్ముడూ" అన్నాడు చలపతిరావు పక్కకు వంగి. "ఆ ఆఖరిది వద్దు. ఆపెయ్యి."

"మొహమాటం వద్దు అన్నయ్యగారూ, అసలైంది అదేగా" అని మల్లికార్జునరావు మైకు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. గాజు గోడ, దీపాలు, గుంపులు గుంపులుగా చేపలు. చేతులు తిప్పుతూ మరీ చదివాడు.

చిన్నపిల్లలు "ఓ!" అన్నారు. ఎనిమిదో తరగతి వరసలోంచి ఒక జడల పిల్ల లేచింది.

"సార్, సముద్రం అడుక్కీ సొరంగానికీ మధ్య వంద మీటర్ల రాయి ఉందని ఇప్పుడేగా చెప్పారు. మరి రాయిలోంచి చేపలెలా వస్తాయి సార్?"

ముందు సైన్సు మాస్టారు నవ్వారు. తర్వాత హాలంతా నవ్వింది. ఎవడో వెనకనుంచి "చేపల పులుసు!" అని అరిచాడు. మల్లికార్జునరావు కాగితం చూశాడు. చలపతిరావును చూశాడు. మళ్ళీ కాగితం చూసి మైకులో నెమ్మదిగా అన్నాడు.

"నేనే తప్పు రాసుకున్నట్టున్నానమ్మా. అన్నయ్యగారు అలా చెప్పరు."

కింద ముందు వరసలో సాహితి ఒక్కతే నవ్వడం లేదు. తండ్రినే చూస్తోంది. ఇంకేం మాట్లాడకుండా కిందికి దిగిపోతే సరిపోయేది. తోడల్లుడే తప్పు నెత్తిన వేసుకున్నాడు. శాలువా భుజాన ఉంది, పేరు నిలిచింది. కానీ ఆ పిల్ల కళ్ళ ముందు ఎలా దిగుతాడు? చలపతిరావు మైకు తీసుకున్నాడు.

"ఆయన సరిగ్గానే రాసుకున్నాడు. నేనే అలా చెప్పాను. గాజు లేదు. చేపలు లేవు. రాయి, చీకటి, అంతే. ఆ సంగతి నాకు ఇరవై రెండేళ్ళుగా తెలుసు. తెలిసే అబద్ధం చెప్పాను. ఈయన వెళ్ళొచ్చాడని, నేను వెళ్ళలేదని కుళ్ళు. మీరంతా నవ్వితే చూద్దామని వచ్చాను."

నవ్వు ఆగిపోయింది. చప్పట్లేమీ కొట్టలేదెవరూ. ఎందుకు కొడతారు? హెడ్మాస్టరుగారు గొంతు సవరించుకుని, పిల్లలు వరసగా క్లాసులకు వెళ్ళాలన్నారు.

వరండాలో మల్లికార్జునరావు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "ఎందుకన్నయ్యగారూ?"

"ఆ రోజు మొదటి ఆకు..." అని ఆపేశాడు చలపతిరావు. అన్న తర్వాత ఆ మాట ఆయన చెవులకే సిగ్గుగా వినపడింది.

"ఆకా? నేనడిగానా ఆ ఆకు?" మల్లికార్జునరావు గొంతు పెరిగింది. "ఈ మీటింగు వాళ్ళు పెట్టింది కాదు, హెడ్మాస్టరుగారి చుట్టూ నాలుగుసార్లు తిరిగి నేను పెట్టించింది. మీ పేరు చెప్తే మొహమాటపడి రారని, నేను మాట్లాడుతున్నానని చెప్పాను. నిద్రపోయానని ముందుగా మీకొక్కరికేగా చెప్పుకున్నాను!" "ఫ్రేము తీసుకెళ్ళండి. అది మీదే" అని కారెక్కాడు. భాగ్యశ్రీ బావగారి మొహం చూడకుండా వెళ్ళి పక్కన కూర్చుంది.

స్టేషనుకు సాహితి తోడొచ్చింది. ప్లాట్‌ఫారం మీద ఫ్రేము ఆమే పట్టుకుంది. బండి వస్తోందని మైకులో చెప్పాక అంది.

"నా బొమ్మలో చేపలకి నల్లరంగు పూయించావు, గుర్తుందా నాన్నా?"

"ఉందమ్మా."

"అప్పుడు ఏడ్చాను గానీ, మర్నాడు క్లాసులో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. మా నాన్న చిన్న అబద్ధం కూడా ఒప్పుకోడని." ఫ్రేము ఆయన చేతికిచ్చింది. "జాగ్రత్తగా వెళ్ళు" అంది. చలపతిరావు కిటికీ పక్కన కూర్చుని చూసేసరికి గేటు దాటి వెళ్ళిపోతోంది.

ఫ్రేమును ఇంట్లో ఎక్కడా తగిలించలేదు. లక్ష్మి చేత అడిగించుకుని, జరిగిందంతా చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు. తిడితే బాగుండేది.

మూడు వారాలకు అంకాలమ్మ మళ్ళీ పిలిచింది. రానంటే లక్ష్మి ఊరుకోలేదు. అందరూ వచ్చారు, సాహితి కూడా వచ్చింది. చలపతిరావు కాళ్ళు కడుక్కుని, ఏ మూలో ఆఖర్న కూర్చుందామని వెనక్కి వెనక్కి జరుగుతుంటే, అంకాలమ్మ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికండీ పెద్దల్లుడుగారూ? మీ చోటు ఇక్కడ! చిన్నల్లుడుగారు అంతా చెప్పారు. బాపట్లలో ఐదొందల మంది ముందు మీకు శాలువా కప్పారటగా! మీరు చెప్పినవన్నీ పిల్లలు నోరు తెరుచుకుని విన్నారటగా! మా పెద్దల్లుడంటే ఏమనుకున్నారు?"

చలపతిరావు మల్లికార్జునరావు వైపు చూశాడు. ఆయన రెండో ఆకు ముందు కూర్చుని, తల వంచుకుని ఆకు మీద నీళ్ళు చల్లుకుంటున్నాడు. ఇటు చూడలేదు. సగం చెప్పి సగం మింగేశాడన్నమాట.

మొదటి ఆకులో అన్నం పడింది, పప్పు పడింది, రొయ్యల ఇగురు పడింది. తర్వాత వరసగా అన్ని ఆకుల్లోనూ పడింది. ఎదురుగా సాహితి ఆకు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"కానివ్వండి అల్లుడుగారూ" అంది అంకాలమ్మ, జపాన్ విసనకర్రతో విసురుకుంటూ. "మీరు ముద్ద ఎత్తితేగా మిగతావాళ్ళు తినేది."

చలపతిరావు అన్నం కలిపాడు. ముద్ద చేశాడు. ఎత్తడానికి చెయ్యి రాలేదు. పంక్తి పంక్తంతా ఆగిపోయి ఆయన చేతికేసే చూస్తోంది.